తాబేలు ఆగి తిరిగే చోటు

ఉదయం లేవగానే ఆమె చేసే మొదటి పని తాబేలు పొట్ట విప్పడం.

తాబేలంటే ఇల్లు ఊడ్చే మర. పళ్లెమంత గుండ్రంగా, నల్లగా, నేలను కరుచుకుని ఇల్లంతా తిరిగే ఆ యంత్రానికి ఆ పేరు పెట్టింది ఆమె భర్త. పేరు పెట్టినవాడు చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం గుండె ఆగి పోయాడు. పేరు మాత్రం మిగిలింది.

వరండాలో పాత పేపరు పరిచి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆమె తాబేలును వెల్లకిలా తిప్పేది. ముందు దుమ్ముపెట్టె. మూత తీయగానే తడిసి ఆరిన గోనెసంచి వాసన గుడ్డను దాటుకుని గొంతులోకి దిగేది. లోపల పిల్లి కక్కిన ఉండలాంటి బూడిదరంగు ముద్ద ఒకటి ఉండేది. రెండు వేళ్లతో పట్టి లాగితే అది తెగకుండా, సాగుతూ, బొద్దింక కాలునూ ఎండిన సబ్బు తునకనూ వెంటబెట్టుకుని బయటికి వచ్చేది. తరువాత బ్రష్షు. దాని ఇరుసుకు బిగుసుకున్న వెంట్రుకలను చిన్న కత్తెరతో కోస్తుంటే, వాటి మధ్య చేరిన జిడ్డు తొడుగుకు అంటుకుని తీగలు సాగేది. అన్నింటికన్నా చివర ఫిల్టరు. దాని మడతల్లో, ప్రతి మడతలోనూ, తెల్లని పొలుసులు ఉండేవి.

అవి ఆమె భర్త ఒంటివి.

బతికి ఉన్నన్నాళ్లూ ఆయన వీపు మీద చర్మం పొరలుగా లేచి రాలేది. అంటురోగం కాదని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా ఆయన కూర్చుని లేచిన కుర్చీ కింద పిండి జల్లినట్టు ఉండేది. మనిషి పోయాక అది ఆగాలి. ఆగలేదు. కిటికీ పక్కన ఒకప్పుడు ఆయన కుర్చీ ఉన్న చోట ప్రతి ఉదయం పొలుసులు తాజాగా రాలేవి. కొన్నింటి అంచున ఎర్రటి చుక్క కూడా ఉండేది. తాబేలు ఇల్లంతా తిన్నగా తిరిగి, అక్కడికి వచ్చాక మాత్రం ఆగి, లేని కుర్చీ కాళ్ల చుట్టూ తిరిగినట్టు తిరిగి తిరిగి ఊడ్చేది.

"మావాడు ఇంకా రాలుతున్నాడా?" అంటూ గేటు తీసుకుని వచ్చింది వదిన. ఆయనకు అక్క. ముప్పై ఏళ్లు బస్సులో కండక్టరుగా పనిచేసిన గొంతు అది, వీధి చివరిదాకా వినబడుతుంది.

"రాలుతున్నారు వదినా. నిన్నటికన్నా ఎక్కువే."

"బతికున్నప్పుడు ఏ పనీ టైముకి ముగించి చావలేదు. పోయాక మాత్రం ముగిస్తాడా?" వదిన పేపరు మీదికి వంగి చూసి, ముఖం పక్కకు తిప్పుకుంది. "ఛీ! పొద్దున్నే కాఫీ కూడా తాగలేదు. ఎలా చేస్తున్నావే తల్లీ రోజూ?"

"అసహ్యంగానే చేస్తున్నాను."

అది అబద్ధం కాదు. ఆమెది కళ్లద్దాలు సానపట్టే పని. రోజంతా తెల్లని గదిలో కూర్చుని, గాజు మీద నలక కనబడితే దాన్ని పోగొట్టేదాకా ఊపిరి బిగబట్టే మనిషి. అద్దం మీద వేలిముద్ర చూస్తే ఆమెకు ఒంటి మీద గొంగళిపురుగు పాకినట్టు ఉండేది. అలాంటి మనిషికి అలాంటి వీపు దొరికింది.

"మీ ఓనరుకి ఏం చెప్పావు?" అని అడిగింది వదిన.

సముద్రం పక్కన ఉన్న ఊళ్లో ఓనరు కొత్త కళ్లద్దాల దుకాణం తెరుస్తున్నాడు. అక్కడి సానగది మొత్తం ఆమె చేతికి ఇస్తానన్నాడు. పైన ఉండడానికి రెండు గదులు కూడా. శుక్రవారంలోగా ఔనో కాదో తేల్చమన్నాడు. ఎన్నో ఏళ్లుగా ఆమె కోరుకున్న పని అదే.

"ఇంకా చెప్పలేదు. ఈ ఇల్లు ఖాళీ చేస్తే ఈయన్ని ఏం చేయను?"

తాబేలును తీసుకుపోతే సరిపోతుందేమోనని ఒకసారి వదిన తన ఇంటికి పట్టుకెళ్లి చూసింది. అక్కడ దాని పొట్టలో వదిన ఇంటి చెత్త తప్ప ఏమీ రాలేదు. ఆయన ఈ గదిలో, ఈ కిటికీ పక్కనే రాలుతున్నాడు. రేపు అద్దెకు దిగే పరాయివాళ్లు ఆయనను చీపురుతో ఎత్తి మురికికుండీలో పోస్తారు. ఆ మాట తలుచుకుంటే తాబేలు పొట్ట చూసినప్పటికన్నా ఎక్కువ వెగటు పుట్టేది ఆమెకు. జబ్బుమనిషిని వదిలేసి వెళ్లిపోయిన భార్య అవుతుంది తాను.

ఆ బుధవారం బీరువా సర్దుతుంటే ఆయన మందు గొట్టం దొరికింది. సగం వాడింది. మూత తిప్పగానే తారు వాసన. గొట్టం పక్కనే పడి ఉన్న పుల్ల కూడా ఆమె చేతికి తగిలింది.

ఆ పుల్ల ఆమె తయారుచేసినదే. వీపు మధ్యకు ఆయన చెయ్యి అందేది కాదు. పెళ్లయిన కొత్తలో ఒకరోజు ఆయన గొట్టం చాచి, వీపు తిప్పి కూర్చున్నాడు. ఆమె లోపలికి వెళ్లి, సానగది నుంచి తెచ్చుకున్న సన్నని పుల్లకు స్పాంజి ముక్క కట్టి, దానితో మందు రాసింది. "భలే చేశావే! నీ బుర్రే బుర్ర," అని ఆయన మెచ్చుకున్నాడు. పద్నాలుగేళ్లు ఆ పుల్లతోనే రాసింది. చేత్తో రాయమని ఆయన ఎన్నడూ అడగలేదు. చలికాలంలో మాత్రం స్పాంజి తగలగానే వీపు ఒక్కసారి ముడుచుకునేది.

ఆయన రాలే చోట ఈ మందు పూస్తే తగ్గుతుందేమో అనుకుంది ఆమె. తాబేలుకు తడిగుడ్డ కూడా ఉంది, దానికి నీళ్లడబ్బా ఉంది. మందును వేడినీళ్లలో కలిపి ఆ డబ్బాలో పోసింది.

తాబేలు కిటికీ దాకా వెళ్లి, అక్కడ నేలంతా మందు పూసి, తన పూతలో తానే జారి, చక్రాలు గిర్రున తిప్పుకుంటూ కుయ్యోమని మొత్తుకుంది. గుడ్డ కింద తారూ దుమ్మూ కలిసి నల్లటి జిగురు అయ్యాయి. ఆమె ముట్టుకోలేకపోయింది.

మరునాడు, ఫిల్టర్లు మార్చడానికి ఎప్పుడూ వచ్చే రిపేరు అతను వచ్చాడు. మరను తిప్పి చూసి నొసలు చిట్లించాడు.

"నీళ్లడబ్బాలో ఏం పోశారమ్మా?"

"మందు."

"మరకి జబ్బేంటి?"

"మరకి కాదు. మా ఆయనకి."

"పోయినాయనేనా? ఈ పొలుసులాయన?" అతను తల ఊపి, చక్రాల జిగురు గోకడం మొదలుపెట్టాడు. "పోయినవాళ్ల దుమ్ముకి ఫిల్టర్లు నిలవవమ్మా. కంపెనీవాళ్లు దానికి వారంటీ కూడా ఇవ్వరు. ఇకమీద నూనెలు, మందులు దీంట్లో పోయకండి. రాయాల్సినవి మీరే రాసుకోండి."

అతనికి అది మామూలు సలహా. చెప్పేసి, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

అతను వెళ్లాక ఆమె దుమ్ముపెట్టె విప్పి చూసింది. పొలుసులు ఉన్నాయి. కానీ వాటి అంచున ఎరుపు లేదు. వేలికొనతో నలిపితే పొడిగా విడిపోయాయి. తొడుగు మీద ఆ పొడిని వెలుగుకు ఎదురుగా పట్టి, గాజులో గీత వెతికినట్టు వెతికింది. ఎక్కడా నెత్తుటి చుక్క లేదు.

మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి నేల మీద పడింది. ఆమె ఆ వెలుగులో మోకాళ్ల మీద కూర్చుంది. తాబేలు తిరిగిన చోటంతా నేల గరుకుగా, బొబ్బలు ఎండి రాలిన వీపులా ఉంది. పుల్ల తీసుకుంది. స్పాంజి ఎండి గట్టిపడి, పాతబడిన మందుతో గోధుమరంగు పెంకు కట్టి ఉంది. దాన్ని నేలకు ఆనించబోయి ఆగింది. పుల్లను పక్కన పెట్టింది. ముక్కుకు కట్టుకున్న గుడ్డ విప్పింది. ఒక తొడుగు తీసింది, రెండోదీ తీసింది.

మందు అరచేతిలో పిండుకోగానే తారు వాసన గుప్పుమంది. చెయ్యి నేలకు ఆనించింది. వేళ్ల కింద పొలుసులు కదిలాయి. కొన్ని గోళ్ల సందుల్లోకి దూరాయి, కొన్ని మందుతో కలిసి అరచేతికి పెచ్చులుగా అంటుకున్నాయి. ఆమెకు డోకు వచ్చింది. మింగింది. మళ్లీ రాసింది. మెడ ఉండే చోటు నుంచి కిందికి, భుజాల మధ్యకు, నడుము దాకా, తొందర లేకుండా, ఒక్క నలక కూడా వదలకుండా రాసింది. ఒళ్లంతా జలదరిస్తూనే ఉంది. అయినా చెయ్యి తీయలేదు. నేల ఈసారి ముడుచుకోలేదు. ఎండ వల్లనో మరెందువల్లనో, అరచేతి కింద వెచ్చగా ఉంది.

"నొప్పిగా ఉందా?" అని అడిగింది, పద్నాలుగేళ్లలో మొదటిసారి.

ఆ తరువాత కూడా చాలాసేపు చెయ్యి కడుక్కోలేదు.

శుక్రవారం ఉదయం వదిన వచ్చేసరికి ఆమె వరండాలో కూర్చుని ఉంది. పక్కన పేపరు, పేపరు మీద తాబేలు పొట్టలోంచి తీసిన ముద్ద. ఎప్పటిలాగే రోతగా ఉంది ఆ ముద్ద: పీచు, చీమ తల, ఆమె పొడుగు వెంట్రుకలు, జిడ్డు. వదిన కళ్లజోడు సర్దుకుని, ఈసారి ముఖం తిప్పుకోకుండా, ఫిల్టరు మడతలు ఒక్కొక్కటీ విప్పి చూసింది. ఒక్క పొలుసు కూడా లేదు. ఫిల్టరు తిరిగి బిగించి గదిలో వదిలితే తాబేలు కిటికీ పక్కకు వెళ్లింది, ఆగలేదు. తిన్నగా గోడ దాకా పోయి, గోడను తాకి వెనక్కి తిరిగింది.

"మావాడికి తగ్గిందన్నమాట," అంది వదిన. గొంతు ఎన్నడూ లేనంత చిన్నగా వచ్చింది.

"తగ్గింది వదినా."

"ఏం పెట్టావు?"

ఆమె కుడి అరచెయ్యి చూపించింది. తారు మరక ఇంకా పోలేదు. వదిన ఆ చెయ్యి పట్టుకుంది. వాసన చూసి "ఛీ!" అంది. కానీ వదల్లేదు.

"ఓనరుకి ఫోను చెయ్యి మరి. టైమైంది."

ఆమె లేచి లోపలికి వెళ్లింది. వస్తానని ఓనరుతో రెండు మాటల్లో చెప్పడం, ఫోను పెట్టేయడం వదినకు వినబడింది. గుమ్మం దగ్గర నిలబడి ఉన్న వదిన కొంగుతో ముక్కు తుడుచుకుని, పాత అలవాటు కొద్దీ అరచేత్తో తలుపు మీద రెండుసార్లు చరిచింది.

"రైట్," అంది. తరువాత, గొంతు సరిచేసుకుని, "రైట్, రైట్."