వదులు బోల్టు, పదిహేడు చాపాలు

నేను ఒక కాలు ఉన్నచోట పాతుకుని, ఇంకో కాలితో లోకం చుట్టివచ్చే జాతిదాన్ని. పుస్తకాల్లో నా పేరు వృత్తలేఖిని. అంత పేరు పలికే ఓపిక ఎవరికీ లేక బళ్ళో నన్ను పెద్ద కంపాసు అనేవారు. పిల్లల డబ్బాల్లో తుప్పుపట్టి పడుండే చిన్న ఇనప కంపాసులు మాకు బంధువులే గాని, రాకపోకలు లేవు. నాది టేకు ఒళ్ళు, రెండడుగుల పొడవు. ఒక కాలికి ఇనప మొన, ఇంకో కాలికి సుద్దముక్క పట్టే గొట్టం. ఇప్పుడు ఒక లేడీస్ టైలర్ షాపులో, జాకెట్టు ముక్కల పక్కన, మేకుకి వేలాడుతూ ఈ కథ చెబుతున్నాను. నవ్వదలుచుకున్నవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి, మధ్యలో నాకు అడ్డం రావద్దు.

నన్ను చేసింది వీరాచారి అనే వడ్రంగి. హైస్కూలు తలుపులకు పోగా మిగిలిన టేకు ముక్కలతో చేశాడు. చక్కగా చిత్రిక పట్టాడు, వార్నిషు కొట్టాడు. అంతా అయ్యాక నా రెండు కాళ్ళనూ తలదగ్గర కలిపే బోల్టు కోసం వెతికితే సరైనది దొరకలేదు. అప్పటికే భోజనం వేళ దాటింది. పక్కన రిపేరుకొచ్చిన మడతమంచం ఉంటే దాని బోల్టు ఊడదీసి నాకు బిగించాడు. రంధ్రం పెద్దది, బోల్టు సన్నం. "గుండ్రంగా తిరిగితే చాల్లే, దీనిమీద ఎవురన్నా పడుకుంటారా ఏంది" అనుకుంటూ చేతులు కడుక్కుని అన్నానికి వెళ్ళిపోయాడు. ఆ మంచం మీద తర్వాత పడుకున్నవాళ్ళ గతి ఏమైందో నాకు తెలియదు. నా సంగతి మాత్రం ఇది: గీసేకొద్దీ నా కాళ్ళు వెంట్రుకవాసి చొప్పున ఎడం జరుగుతాయి. మొదటి గీతకూ పదో గీతకూ నువ్వుగింజంత తేడా వస్తుంది. నేనీ మాట ఎవరితోనూ అనలేదు. మనుషులు మాత్రం తమ లోపాలు మెళ్ళో పలక కట్టుకుని తిరుగుతున్నారా?

బళ్ళో నేను లెక్కల మాస్టారు యెలినేని కోటిలింగం గారి చేతిలో పడ్డాను. వృత్తాలు గీయడానికి పుట్టినదాన్నేగాని, ఆయన నాతో చేయించని పని లేదు. కిటికీ పై గడియ తీయడం, పాఠం మధ్యలో వీపు గోక్కోవడం, కునికేవాడి నెత్తిన తట్టడం, ఒకసారి హెడ్మాస్టరు గదిలో తొండను తరమడం కూడా. అయినా ఆయన మీద నాకు కోపం రాలేదు. వృత్తం మొదలుపెట్టిన చోటికే వచ్చి కలిసిన ప్రతిసారీ ఆయన రెండడుగులు వెనక్కి వేసి, దాన్ని మొదటిసారి చూసినట్టు చూసేవారు. ఏళ్ళ తరబడి అదే వృత్తం, అదే ఆశ్చర్యం. అలాంటి మనిషిని ప్రేమించకుండా ఎలా ఉంటాం?

ఆయన తరగతిలో రెండో బెంచీ మీద ఖాశింబీ అనే పిల్ల ఉండేది. ప్రతి లెక్కకూ "ఎందుకు సార్?" అనేది. ఒకనాడు మాస్టారు తొమ్మిదో తరగతిలో చెప్పారు: నాతోనూ స్కేలుతోనూ ఏ కోణాన్నయినా రెండు సమభాగాలు చేయవచ్చు, మూడు మాత్రం చేయలేము, అది కుదరదని పెద్దలు ఎప్పుడో రుజువు చేశారు అని. నేర్చుకోవాల్సింది ఒకటి తగ్గిందని క్లాసంతా సంతోషించింది. ఖాశింబీ ఒక్కతే లేచి "కుదరదని ఎట్టా తెలిసింది సార్?" అంది. మాస్టారు, పై చదువుల్లో చెబుతారమ్మా అన్నారు.

ఆ పిల్ల పై చదువుకి వెళ్ళలేదు. పది ఫస్టు క్లాసులో పాసైతే ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చోబెట్టారు. మాస్టారు రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళి బతిమాలారు. ఆమె తండ్రి రెండుసార్లూ మర్యాదగా టీ ఇచ్చి పంపాడు. ఆ టీ మీద నాకు ఇప్పటికీ కోపమే.

పిల్ల వెళ్ళిపోయింది గాని ప్రశ్న మాస్టారి బుర్రలో ఉండిపోయింది. రిటైరయ్యే ముందు రెండేళ్ళు, సాయంత్రం గంట కొట్టాక, పదో తరగతి బోర్డు మీద ఆయనా నేనూ కోణాన్ని మూడు ముక్కలు చేసే పనిలో పడ్డాం. ఒకరోజు పదిహేడు చాపాలు, అంటే పదిహేడు వృత్తం ముక్కలు, గీశాక మూడు ముక్కలూ సమానంగా వచ్చాయి. ఆయన నా కాళ్ళను ఒక ముక్కకు సరిచేసి, పక్క ముక్క మీద పెట్టి చూశారు. సరిపోయింది. మూడోదీ సరిపోయింది. ఎందుకు సరిపోదు? కొలిచేదాన్నీ నేనే, జారేదాన్నీ నేనే. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే నేను నోరు మూసుకున్నాను. నోరుంటే మాత్రం చెప్పేదాన్నా అంటే, అనుమానమే.

తర్వాత ఆయన రిటైరయ్యారు. నేను బళ్ళోనే ఉండిపోయాను. పన్నెండేళ్ళపాటు ఆయన ఇంట్లో ఎన్ని కొత్త కంపాసులు తెచ్చినా ఆ పదిహేడు చాపాలు కుదరలేదట. ఇంకొకరైతే తమ పద్ధతిని అనుమానించేవారు. మాస్టారు మాత్రం ఇప్పటి సరుకులో నాణ్యం లేదని తేల్చుకున్నారు.

ఈలోగా బళ్ళోకి వేలితో తాకితే వెలిగే బోర్డులు వచ్చాయి. పాత నల్లబల్లలనీ నన్నూ వసారాలో పోగుపెట్టారు. పిల్లల యూనిఫాం ఇచ్చిపోవడానికి వచ్చిన ఒకామె నన్ను చూసి ఆగి, హెడ్మాస్టరుని అడిగి తన టైలర్ షాపుకి తెచ్చుకుంది. ఆమె ఖాశింబీ. జుట్టు కాస్త నెరిసింది, చూపు మాత్రం రెండో బెంచీదే. అంబ్రెల్లా గౌనుకి గుడ్డ గుండ్రంగా కత్తిరించాలి కదా, అందుకు నేను పనికొచ్చాను. నా ఇనప మొన గుడ్డకి చిల్లు పెట్టకుండా పాత చెప్పు రబ్బరు తొడిగింది. నా రోగం మొదటి గౌనుకే పట్టేసింది. ఇన్నేళ్ళుగా ఎవరికీ దొరకనిదాన్ని ఒక్క పూటలో దొరికిపోయాను. తిట్టలేదు, పారేయలేదు. ప్రతి గౌనుకి ముందు నా బోల్టు చుట్టూ నల్లదారం పది చుట్లు బిగించి కట్టేది. దారం ఉన్నంతసేపు నేను పతివ్రతను.

ఒక బుధవారం మధ్యాహ్నం కోటిలింగం మాస్టారు షాపు మెట్లెక్కారు. నా ఆచూకీ హెడ్మాస్టరు చెప్పాడట. శిష్యురాలికంటే ముందు నన్ను గుర్తుపట్టారు.

"వచ్చావా తల్లీ," అన్నారు నాతో.

ఖాశింబీ మిషను ఆపి లేచి నిలబడింది. "నమస్తే సార్. నేను ఖాశింబీని. తొంభై ఆరు బ్యాచ్."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "రెండో బెంచీ. ఎందుకు సార్ అనే పిల్లవి గదూ? ఇంకా అడుగుతున్నావా, మానేశావా?"

"ఇక్కడ అడిగేదంతా వచ్చినోళ్ళే సార్. ఎప్పటికిస్తావని."

"నిజమే," అంది బల్ల మీద కూర్చున్న చెంచమ్మ. జాకెట్టు కోసం ఆమె అప్పటికి నాలుగుసార్లు తిరిగింది.

నాతో ఏం చేస్తున్నావని మాస్టారు అడిగితే, నడుము కొలతని ఆరుంపావుతో భాగిస్తే లోపలి వృత్తానికి వ్యాసార్ధం వస్తుందని ఖాశింబీ చెప్పింది.

"ఆరుంపావు ఎట్టా అవుతుంది? ఆరు పాయింట్ రెండు ఎనిమిది."

"తెలుసు సార్. ఆ మిగిలింది కుట్టులో సర్దుకుంటది."

ఆయన పగలబడి నవ్వారు. ఆ తర్వాత గంటన్నర వాళ్ళిద్దరూ ఏమేం మాట్లాడుకున్నారో చెబితే చెంచమ్మలాగే మీరూ ఆవలిస్తారు. చొక్కా చంకలోని వంపు ఏ వక్రం, ఎనిమిది ఏటవాలు ముక్కల, అదే కళీల, లంగాలో ఒక్కో కళీకి ఎంత కోణం, ఇవే. అంతకాలం మాటల్లేక ఎండిపోయిన ఇద్దరు మనుషులు అలా మాట్లాడుకోవడం చూసి నాకు సంతోషం వేసింది.

అప్పుడు మాస్టారు అసలు సంగతి చెప్పారు. ఆదివారం బడి స్వర్ణోత్సవం. పావుగంట అడిగి తీసుకున్నారు. పాత విద్యార్థులందరి ముందూ కోణాన్ని మూడు ముక్కలు చేసి చూపిస్తారు. ఆహ్వానపత్రికలో అచ్చయింది కూడా.

"అది కుదరదని మీరే చెప్పారు గద సార్, తొమ్మిదిలో."

"చెప్పాను. అప్పటికి నాకు తెలవదు." నన్ను మేకు మీదనుంచి దింపారు. "దీనికి తాయెత్తు ఎవరు కట్టారమ్మా?" అంటూ నల్లదారాన్ని లాగి పారేశారు. కత్తిరింపు బల్ల మీద పరిచిన నీలం గుడ్డ మీద పదిహేడు చాపాలు గీశారు. మూడు ముక్కలూ అచ్చంగా సమానం.

"నా జాకెట్టు మీద ఈ తిరణాల ఏందమ్మా," అంది చెంచమ్మ.

ఖాశింబీ గుడ్డ వైపు చూడలేదు. కిందపడ్డ దారం వైపు చూసింది, తర్వాత ఆయన మొహం వైపు. ఆ మొహంలో అంత వెలుగు ఉంటే ఎవరు మాత్రం ఊది ఆర్పగలరు? "బాగుంది సార్," అంది.

గురువారం ఆయన మళ్ళీ సాధనకి వచ్చారు. మళ్ళీ కుదిరింది. ఆయన వెళ్ళాక ఖాశింబీ చెంచమ్మ జాకెట్టుకి రెండు చేతులూ ఒకవైపే కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టింది. సభలో లెక్కలు తెలిసినవాడు ఒక్కడుంటే చాలు, ఆయన ఇన్నేళ్ళ పరువూ ఆ బోర్డు మీదే పోతుంది. నేనైతే పొయ్యిలోకి పోతానని భయపడుతున్నాను. ఆమె మాత్రం నా సుద్దతో పాత లైనింగు గుడ్డ మీద ఆ పదిహేడు చాపాలూ మళ్ళీ మళ్ళీ గీస్తూ కూర్చుంది.

శుక్రవారం ఆయన వచ్చేసరికి నా బోల్టుకి దారం ఉంది. తీయబోయారు.

"ఉండనీయండి సార్. ఈసారి దాంతోనే గీయండి."

గీశారు. మధ్య ముక్క ఒక డిగ్రీ ఎక్కువ వచ్చింది. తుడిచి మళ్ళీ గీశారు. మళ్ళీ అంతే. మూడోసారీ మధ్య ముక్కే పెద్దది.

"బోల్టు లూజు సార్. గీసేకొద్దీ కాళ్ళు జారతయ్. నేను ప్రతి గౌనుకీ దారం చుట్టుకుంటా."

మాస్టారు నన్ను బల్ల మీద పెట్టారు. "బుధవారమే తెలుసా నీకు?"

"తెలుసు సార్. మీ మొహం చూసి చెప్పలేకపోయా."

"తప్పు కనపడితే మొహం చూస్తారా? నేను నేర్పింది అదేనా?" అని లేచి, గొడుగు మరిచిపోయి, ఎండలో వెళ్ళిపోయారు. ఖాశింబీ మిషను మీద తల పెట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడవాలనిపించింది. టేకుకి ఆ సౌకర్యం లేదు.

ఆదివారం ఆమె నన్ను లైనింగు గుడ్డలో చుట్టి, గొడుగుతో సహా బడికి తెచ్చింది. ఆయన వస్తారన్న నమ్మకం మా ఇద్దరికీ లేదు. వచ్చారు. ఇస్త్రీ చొక్కా, మాసిన మొహం.

"దారం తెచ్చావా?"

"తెచ్చా సార్."

"చేతిలో ఉంచుకో. నేను చెప్పిందాకా కట్టొద్దు."

వెలిగే బోర్డు మీద సుద్ద పడదు కాబట్టి వసారాలోంచి పాత నల్లబల్ల మోసుకొచ్చి వేదిక మీద నిలబెట్టారు. మాస్టారు నన్ను పట్టుకుని, దారం లేకుండానే పదిహేడు చాపాలు గీశారు. నేను అలవాటు ప్రకారం జారాను. మూడు ముక్కలూ సమానంగా వచ్చాయి. సభంతా చప్పట్లు. ముఖ్య అతిథి అయిన రైసుమిల్లు యజమాని లేచి, ఈ ఆవిష్కరణ మన మండలానికే గర్వకారణమని చెప్పి ఆయనకు శాలువా కప్పాడు. మాస్టారి పరువు పోతుందన్న భయం ఇక అక్కర్లేదని నాకు అప్పుడు అర్థమైంది. పట్టుకునేవాడు ఆ సభలో ఒక్కడూ లేడు. అబద్ధం మీద కూర్చుని హాయిగా టిఫిను తినొచ్చు.

మాస్టారు మైకు దగ్గరికి వచ్చారు. "చప్పట్లు ఆపండి. ఇది తప్పు."

ఇంకా గట్టిగా కొట్టారు. వినయం అనుకున్నారు.

"తప్పు అంటే తప్పే. పన్నెండేళ్ళు నేను పట్టుకోలేకపోయా. పట్టుకున్న మనిషి ఇక్కడుంది. ఖాశింబీ, రామ్మా."

పదో తరగతి తర్వాత ఆమె ఆ బడి వేదిక ఎక్కడం అదే మొదలు. మాస్టారు నన్ను ఆమె చేతికిచ్చి, కిందికి దిగి ముందు వరసలో కూర్చున్నారు. అందరి ముందూ నా బోల్టు చుట్టూ పది చుట్లు దారం బిగించింది. పదిహేడు చాపాలు గీసింది. మధ్య ముక్క పెద్దదిగా వచ్చింది. ఈ కర్ర కంపాసు బోల్టు వదులుగా ఉండి, కాళ్ళు సర్దుకుపోవడం వల్లే ఇన్నాళ్ళూ సమానంగా కనిపించిందని మామూలు మాటల్లో చెప్పింది. నా బండారం అంతమంది ముందు బయటపడింది. సిగ్గుపడాల్సిన సమయం, కాని నేను బిగుసుకుని నిలబడే పనిలో ఉన్నాను.

ఆమె సుద్ద కింద పెట్టి దిగబోతుంటే ముందు వరసలో ఒక చెయ్యి లేచింది. శాలువా తీసి కుర్చీ మీద పడేసి, మాస్టారు లేచి నిలబడి ఉన్నారు.

"నాదొక సందేహం, టీచరు గారూ. నువ్వు చెప్పింది కర్ర తప్పు. నా తప్పు ఎక్కడుంది?"

ఖాశింబీ కళ్ళు తుడుచుకుని సుద్దముక్క మళ్ళీ అందుకుంది.

"పదకొండో చాపం దగ్గరుంది సార్. కూర్చోండి, చెబుతా."

మాస్టారు కూర్చున్నారు.