పాత చీటీ కింద

మచిలీపట్నంలో పుస్తకాలు బైండింగ్ చేసిన చేతులు నావి. చదువు మూడో తరగతితో ఆగింది. న్యూజెర్సీలో ఒక మ్యూజియంలో, ఎండబెట్టిన పాత మొక్కల కాగితాల మీద ఊడిపోతున్న చీటీలను లేపి, శుభ్రం చేసి, తిరిగి అతికించడం నా పని.

1984లో వసుమతి అక్కడికి వచ్చింది. మొక్కలు వెతుక్కుంటూ అడవులు పట్టిపోయిన పాతకాలపు వాళ్లకు డబ్బు ఎవరిచ్చారన్నది ఆమె పరిశోధన. నూట ముప్పై ఏళ్ల కిందట పైక్ అనే ఆయన ఊరూరా తిరిగి చందాలు రాయించుకున్నాడట. ఇచ్చిన ప్రతివాడికీ ఒక కట్ట ఎండు మొక్కలు. అందరికన్నా ఎక్కువ చందా రాసిన ట్విచెల్ దొర పేరు ఒక కొత్త పువ్వుకు.

ఆ పువ్వు కాగితమే ఆ రోజు నా బల్ల మీద ఉంది. దాన్ని చూడ్డానికి ట్విచెల్ మునిమనవడు శుక్రవారం వస్తున్నాడు. వసుమతికి స్టైపెండ్ ఇచ్చేది ఆయన ట్రస్టే.

"అంకుల్, మీరు నోరు తెరిస్తే బిల్డింగ్ కూలిపోతుందా? గుడ్ మార్నింగ్ కూడా చెప్పరు!" అంది వసుమతి.

తల ఊపాను. తడిగుడ్డ వేసి చీటీ లేపాను. కింద పెన్సిల్ రాత. నాకు ఇంగ్లీషు రాదు. పక్కకు జరిగాను.

ఆమె చదివింది. మళ్లీ చదివింది.

"ట్విచెల్ ఒక్క డాలరూ పంపలేదట అంకుల్. ఆయన పేరు పైన చూసే మిగతావాళ్లు సైన్ చేశారు. అందుకే పైక్ బయటపెట్టలేదు. లోటు పూడ్చింది పైక్ వాళ్లక్క లిడియా. ఇల్లు అమ్మేసింది. 'ఈ పువ్వు నీదే అక్కా' అని రాసుకున్నాడు."

"మంచిదేగా అమ్మా. నువ్వు వెతికేది దొరికింది."

"ఇది థీసిస్‌లో పెడితే ట్రస్ట్ రెన్యూ చేయదు. స్టైపెండ్ ఆగితే వీసా పోతుంది."

"మ్యూజియం పెద్దసారుకి చెబుదామా?"

"కొత్త హాల్‌కి ఆయన డబ్బు అడుగుతున్నదీ ఆ ట్రస్టు వాళ్లనే."



"అతికించేయండి అంకుల్."

గోధుమపిండి జిగురు కలిపాను. చీటీ వెనక పూశాను. ఒక్క మూల మాత్రం వదిలేశాను. ఎప్పటికైనా ఎవరో ఒకరు లేపకపోతారా అని.

వసుమతి చూసింది. నా చేతిలోంచి కుంచె తీసుకుని ఆ మూలకు జిగురు రాసింది. ఆరేదాకా బొటనవేలితో అదిమి పట్టుకుంది.