ముహూర్తం ఆ పిల్ల చేతిలో

నా నవల చదివి మొదట నవ్వింది మా ఆవిడ లలితాంబ, మొదట కొట్టింది శ్యాంబాబు. మధ్యలో చదివినవాళ్ళు ఉత్తరాలతోనూ వాట్సాప్ మెసేజీలతోనూ సరిపెట్టారు.

'తొందర డోలు' హాస్య నవల. ఒక డోలు వాయించేవాడు పెళ్ళిపందిట్లో ఒక పిల్లని చూస్తూ ఒళ్ళు మరిచిపోతాడు. జడలో జారిన పూలు సర్దుకోడానికి ఆ పిల్ల చెయ్యెత్తితే, పురోహితుడే చెయ్యెత్తాడనుకుని గట్టిమేళం మోగించేస్తాడు. డోలు ఉరిమిందని పెళ్ళికొడుకు కంగారుపడి జీలకర్ర బెల్లం పెళ్ళికూతురి నెత్తిన పెట్టేస్తాడు. అసలు ముహూర్తానికి ఇంకా తొమ్మిది నిమిషాలుంది. అక్కణ్ణుంచి రెండొందల పేజీల గందరగోళం, చివర డోలువాడికీ ఆ పిల్లకీ పెళ్ళి.

కాకినాడ నుంచి ఒకాయన బస్సులో చదువుతూ పగలబడి నవ్వితే, కండక్టరు వచ్చి ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడట. దుర్గాశ్రీ అనే అమ్మాయి చివరి అధ్యాయం దగ్గర ఏడ్చేశానని రాసింది. సంగీతం చెప్పే ఉమాశ్రీగారు మాత్రం, కళాకారుణ్ణి పట్టుకుని కోతిని చేశారని నాలుగు పేజీలు తిట్టిపోశారు. నాకు ఒళ్ళు మండింది. హాస్యం అర్థం కానివాళ్ళు పంచాంగం చదువుకోవచ్చని జవాబు రాశాను. ముప్పై అయిదేళ్ళు తెలుగు మేష్టారుగా పిల్లల చెవులు మెలేసినవాణ్ణి, ఎదురు చెబితే నాకు పడదు.

రాజమండ్రిలో ఒక గ్రంథాలయంలో నవల మీద సభ పెట్టారు. అందరికీ నచ్చిన వాక్యం నేనే చదివి వినిపించాను. పెళ్ళి భోజనాల దగ్గర వంటవాడు అనే మాట అది: "డోలువాడికి ముహూర్తం పంచాంగంలో కాదండి, ఆ పిల్ల చేతిలో కనపడింది." హాలంతా ఘొల్లుమంది. వెనక వరసలోంచి ముప్పై ఏళ్ళ లోపు మనిషొకడు లేచి వేదిక ఎక్కాడు. సంతకం కోసమనుకుని పెన్ను తీశాను.

"ఈ మాట ఎవరన్నారండి?" అన్నాడు.

"పుస్తకంలో ఉందిగా, వంటవాడు."

చెంప ఛెళ్ళుమంది. కళ్ళజోడు ఎగిరి ముందు వరసలో పడింది.

"నిజంగా ఎవరన్నారండి?"

రెండోది పిడికిలి, ముక్కు మీద పడింది. మా గోదావరి వాళ్ళు కొట్టేటప్పుడు కూడా 'అండి' అనడం మానరు. రక్తం నోట్లోకి కారింది. నలుగురు పట్టుకుని లాగుతున్నా వాడు నా కాలరు వదల్లేదు. అది మెడకి బిగుసుకుని ఊపిరాడలేదు.

"నా పేరు శ్యాంబాబండి. డోలు సత్తియ్య కొడుకుని. నాన్న కింద ఆటోలో ఉన్నాడు. వచ్చి ఆయనకి చెప్పండి."

సత్తియ్య పేరు నేను మరిచిపోలేదు. నవలలో నేను కల్పించింది తక్కువ. ముప్పై రెండేళ్ళ కిందట కోనసీమలో ఒక పెళ్ళికి వెళ్ళాను. అక్కడ తొందరపడింది సత్తియ్య డోలే. అతను చూసిన పిల్ల పెళ్ళికూతురి చుట్టాల్లో అమ్మాయి, మాణిక్యాంబ. అది గమనించినవాణ్ణి నేను. భోజనాల దగ్గర పెళ్ళికూతురి బాబాయి అమ్మిరాజు ముహూర్తం తప్పిందని కోపంతో గంతులేస్తుంటే, నవ్వించబోయి ఆ మాట అన్నది కూడా నేనే. పంక్తిలో అందరూ నవ్వారు, అమ్మిరాజు తప్ప. పెరుగన్నం తిని మూడు గంటల బస్సెక్కేశాను.

నేను కిందికి దిగేసరికి సత్తియ్య ఆటోలో వెనక సీట్లో కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. దాని వేళ్ళు అయిదూ అయిదు వైపులకి వంకరపోయి ఉన్నాయి.

"రోకటితోనండి," అన్నాడు, నేను అడక్కుండానే. "పశువులపాక వెనక్కి ఈడ్చుకుపోయి, చెయ్యి రాతి మీద పెట్టించారు. ఒక్కో వేలికీ ఒక్కో దెబ్బ. దెబ్బదెబ్బకీ 'ముహూర్తం ఆ పిల్ల చేతిలో కనపడిందేంట్రా' అని అడిగేవారండి అమ్మిరాజుగారు. నేను చూసిన సంగతి మాణిక్యానికి తప్ప ఎవరికీ తెలీదనుకున్నాను. ఆవిడే వాళ్ళకి చెప్పి నవ్వించిందనుకున్నానండి."

ఎడం చేత్తో ఆ వేళ్ళు కప్పుకున్నాడు.

"నెల తిరక్కుండా మా ఇంటికొచ్చింది, ఒక్కత్తే. గుమ్మంలో ఉండగానే ఎడం చేత్తో డోలుపుల్ల విసిరాను. కనుబొమ్మ చీరుకుపోయింది. నోరు తెరిచి ఏదో అనబోయింది. రెండో పుల్ల కూడా తీశానండి. వెళ్ళిపోయింది. మొన్న మావాడు మీ పుస్తకం చదివి వినిపిస్తున్నాడు. నేనూ నవ్వుతూనే ఉన్నానండి, ఆ మాట వచ్చేదాకా."

"నేనే అన్నాను సత్తియ్యా. నవ్వుకోడానికి అన్నాను," అన్నాను.

అతను కొడతాడనుకుని కళ్ళు మూసుకున్నాను. కొట్టలేదు.

"రేపు నరసాపురం రావాలండి. ఆవిడ అక్కడే ఉంటోంది. నేను కాళ్ళ మీద పడాలి. ఆ మాట పుట్టించింది ఆవిడ కాదని నాకిప్పుడు తెలిసినట్టు మీరు సాక్ష్యం చెప్పాలి. మాణిక్యం నన్ను క్షమించి ఒక్కసారి సరేనంటే చాలండి నాకు."

మర్నాడు ముగ్గురం రైలెక్కాం. నా ముక్కు వాచిపోయి ఉంది.

మాణిక్యాంబ అరుగు మీద కూర్చుని లేసు అల్లుతోంది. ఎడమ కనుబొమ్మ మధ్యలో వెంట్రుకలు మొలవని తెల్లటి గీత ఉంది. సత్తియ్యని చూసి లేవలేదు, సూది ఆపలేదు. నేను నిలబడే అంతా చెప్పాను. పాఠం అప్పజెప్పలేని పిల్లాడిలా నత్తి వచ్చింది నాకు.

"తెలుసండి," అంది. "మీరు ఆ మాటంటున్నప్పుడు మీ వెనక పంక్తిలో గారెలు వడ్డిస్తున్నాను."

సత్తియ్య ఒక అడుగు ముందుకేశాడు. "తెలిస్తే నాకు చెప్పలేదేంటి మాణిక్యం?"

"చెప్పడానికే వచ్చాను సత్తియ్యా. మేష్టారెవరో అన్నారు, నేను కాదు అందామని నోరు తెరిచాను. నువ్వు రెండో పుల్ల తీశావు."

సత్తియ్య ఆ వంకర చేతిని ఎత్తి అరుగు స్తంభానికేసి కొట్టుకున్నాడు. మళ్ళీ కొట్టుకున్నాడు. పాత ఎముకలు మళ్ళీ విరిగిన చప్పుడు నాకు వినిపించింది. సున్నం కొట్టిన స్తంభం మీద ఎర్రగా మరకలు పడ్డాయి. శ్యాంబాబు వెనకనుంచి పట్టుకుని "నాన్నా, చాలు నాన్నా" అని ఏడుస్తుంటే, వాణ్ణి కూడా విదిలించుకుని కొట్టుకున్నాడు. మాణిక్యాంబ ఆపలేదు. సరేనని కూడా అనలేదు. లేసు మీద రక్తం చింది పడితే, దాన్ని మడిచి పక్కన పెట్టింది.

చివరికి నా వైపు తిరిగింది.

"మీ పుస్తకం చదివానండి. బాగా నవ్వొచ్చింది. ఆఖర్న మా ఇద్దరికీ పెళ్ళి చేసేశారు. ఎవరడిగారండీ మిమ్మల్ని?"

ఆవిడ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. శ్యాంబాబు తువ్వాలు చింపి తండ్రి చేతికి కట్టు కడుతున్నాడు. వాడు లేచి నన్ను మళ్ళీ కొడితే బాగుండుననిపించి, దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"కాస్త ఆ అంచు పట్టుకోండి మేష్టారూ," అన్నాడు వాడు, తలెత్తకుండా.