నీలావతి సంచి

హెడ్ కానిస్టేబుల్ గంగాధర్ పెనుకొండ బస్టాండు ఔట్‌పోస్టు తలుపు తీసి, టోపీ బల్లమీద పెట్టి, మెడలోని చారల తువ్వాలు మేకుకు తగిలించాడు. కొండమీది మంచు ఇంకా విడలేదు. ధర్మవరం బస్సు అందులోంచి నీళ్లలో తేలివచ్చినట్టు వచ్చి ఆగింది. ఈ వేళప్పుడు ఆయనకు అన్నీ ఎప్పుడో కలలో చూసినవిగానే కనిపిస్తాయి. నలభై తొమ్మిదేళ్ల మనిషి. నున్నగా గీసిన గడ్డం, బెల్టు మీదికి జారిన బొజ్జ, ఎవరినీ అదిలించలేని గొంతు.

ఆయన గురించి ఊరు ఇంకొకటి కూడా తెలుసుననుకుంటుంది. నెలనెలా ఐదో తారీఖున నీలావతి హిందూపురం బస్సు దిగి, పసుపు గుడ్డ సంచి ఆయన బల్లమీద పెట్టి పోతుంది. ఒకప్పుడు లాడ్జీల చుట్టూ తిరిగిన మనిషి. పోలీసు బల్లమీద అలాంటి ఆడది పెట్టే సంచిలో లంచం కాక ఇంకేముంటుంది?

"ఏం సార్, ఈ పొద్దు ఐదో తారీఖు గదా. ఆయమ్మ ఇంకా రాలేదే!" టీ గ్లాసు పెడుతూ బస్టాండు టీకొట్టు బుడన్‌సాబ్ కన్ను గీటాడు.

"వస్తాదిలేప్పా," అని గంగాధర్ నవ్వాడు.

నాలుగేళ్లుగా నేర్చుకున్న నవ్వది. సంచిలో ఉండేది హెచ్‌ఐవి మందు, రోజుకొక మాత్ర. డబ్బా గలగలమనకుండా నీలావతి లోపల దూది కుక్కి తెస్తుంది. లంచగొండికి పిల్లనిస్తారు, పక్కన కూర్చుని భోంచేస్తారు. ఆ జబ్బు మనిషికైతే టీ గ్లాసు కూడా వేరు చేస్తారు. అందుకే తినని లంచాన్ని తిన్నట్టే ఒప్పుకున్నాడు, పాపం.

ఎక్కడ అంటుకుందో ఆయనకే తెలియదు. ఇల్లు ధర్మవరంలో, తను ఏళ్ల తరబడి బందోబస్తుల్లో. ఒకసారి ముదిగుబ్బ, ఇంకోసారి గోరంట్ల. డ్యూటీ దిగితే బ్యారక్‌లో సీసా, సీసా అయ్యాక "నువ్వు మగోడివి కాదా" అనే తోటివాళ్లు, పోలీసులను డబ్బులడగని లాడ్జీ. వద్దనడం చేతకాలేదు. ఆ రోజుల్లోనే నీలావతిని వ్యభిచారం కేసులో పట్టుకుని, ఆమె బ్యాగులో దొరికిన నిరోధ్‌లనే సాక్ష్యంగా రాశాడు. తన జేబులో మాత్రం ఏనాడూ ఒక్కటి పెట్టుకోలేదు. ఖాకీకి ఏ రోగమూ అంటదనుకున్నాడు!

తర్వాత హిందూపురం ఆసుపత్రి వరుసలో, ముఖమంతా ఆ చారల తువ్వాలు చుట్టుకుని నిలబడితే, పోలీసు బూట్లు చూసి గుర్తుపట్టింది ఆమే. అప్పటికి ఆమె రోగులకు తోడుండే పనిలో ఉంది. "మీరు ఈడ నిలబడొద్దు సార్, నేను తెచ్చిస్తా," అంది. అప్పటినుంచి సంచి పెట్టిన ప్రతిసారీ ఒకటే మాట: "ఇంట్లో అక్కను పరీక్షకు ఎప్పుడు పిల్చుకొస్తారు?" వచ్చే నెల అనేవాడు. భార్య యశోదమ్మకు ఏమీ చెప్పలేదు. నడుం నొప్పని సాకు చెప్పి వరండాలో పడుకునేవాడు. ఈమధ్య ఆమెకు జ్వరం వస్తూ పోతూ ఉంది. మగ్గం మీద కూర్చున్నా కునికిపాట్లు పడుతోంది. తన జబ్బే ఆమెకూ అంటిందేమోనని ఆయన భయం.

పదకొండుకు బస్సు దిగింది నీలావతి కాదు, ఆమెతో పనిచేసే షహీన్. పసుపు సంచి బల్లమీద పెట్టింది.

"నీలక్క మొన్న పోయింది సార్. టీబీ. ఎవరికీ చెప్పుకోలేదు. ఆస్పత్రి మంచంమీద ఉండి కూడా మీ సంచి సర్దిపెట్టింది."

సంచిలో దూది కుక్కిన డబ్బా, దానికింద రక్తపరీక్షకు ఆసుపత్రి చీటీ. పేరు: యశోదమ్మ, ధర్మవరం. వయసు దగ్గర ఖాళీ. నీలావతి ఆమెను ఎన్నడూ చూడలేదు కదా.

గంగాధర్ బస్టాండంతా చూస్తుండగానే ఏడ్చాడు.

"ఏమైంది సార్?" బుడన్‌సాబ్ పరుగెత్తుకొచ్చాడు.

"నాకు మందు తెచ్చిచ్చే మనిషి పోయిందప్పా. అది లంచం కాదు. నాకు హెచ్‌ఐవి ఉండాది."

బుడన్‌సాబ్ ఖాళీ గ్లాసు తీసుకుని నెమ్మదిగా వెళ్లిపోయాడు.

గంగాధర్ స్టేషన్‌కు ఫోన్ చేసి సెలవు చెప్పాడు. చీటీలో వయసు దగ్గర నలభై నాలుగని రాశాడు. రేపు పొద్దున ఇద్దరూ హిందూపురంలో ఆ వరుసలో నిలబడాలి. ఈ రాత్రికి యశోదమ్మకు అంతా చెప్పాలి. సంచి చంకన పెట్టుకుని ధర్మవరం బస్సెక్కాడు. ఎండా దుమ్మూ కలిసిన తెల్లటి పొరలోకి బస్సు మెల్లగా కలిసిపోయింది.

ఔట్‌పోస్టు గోడ మేకుకు చారల తువ్వాలు అలాగే వేలాడుతోంది.