పై డెక్కు మీద చోటు

యుద్ధానికి ముందు గ్లెన్‌మోర్వెన్ ఓడలో మొదటి తరగతి ప్రయాణికులకు వడ్డించేవాణ్ణి. యుద్ధం రాగానే ఓడకు బూడిదరంగు పూసి, తివాచీలు పీకేసి, ఎనిమిది వందల మంది దర్జాగా తిరిగిన చోట ఆరు వేల మంది సైనికులను కుక్కారు. స్కాట్లండ్‌లోని గ్రీనక్ రేవులో ఎక్కుతున్నవాళ్ళలో నా భార్య ఎల్స్‌పెత్ తమ్ముడు ఫెర్గస్ కనిపించాడు. తల్లి పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు. ఎల్స్‌పెతే పెంచింది.

"బావా! వెండి పళ్ళెంలో వడ్డిస్తావా?" వరసలోంచి అరిచాడు.

"రేకు గిన్నె పట్టుకుని లైన్లో రారా. మిగిలితే పెడతా."

ఆఫ్రికా పక్కగా దిగుతున్నకొద్దీ కింది గదులు ఉడికిపోయాయి. వెలుతురు శత్రువు కంట పడకుండా కిటికీలన్నీ బిగించేశారు. ఫెర్గస్‌కు తిన్నది కడుపులో నిలవడం లేదు.

"ఊపిరాడట్లేదు బావా. పైన ఎక్కడైనా ఇంత చోటు చూడవూ? నువ్వు దేవుడివని అక్కకి రాస్తాలే."

"ముందు ఆ అబద్ధం రాయి, తర్వాత చూద్దాం."

సార్జెంటును బతిమాలి ఓడ వెనకభాగంలో, గాలి బాగా తగిలే చోట, వాడి దుప్పటి నేనే పరిచాను. ఫిరంగి పెట్టడానికి అక్కడ అంచు కమ్మీలు తీసేసి తాడు కట్టారు.

మూడో రోజు పొద్దున వాడికి టీ తీసుకెళ్తున్నాను. జలాంతర్గామి కనబడిందని సైరన్ మోగింది. అంత వేగంలోనూ ఓడ ఒక్కసారిగా మలుపు తిరిగి పక్కకు ఒరిగిపోయింది. నేను కింద పడ్డాను, వేడి టీ నా చేతుల మీద ఒలికింది. లేచేలోగా ఐదుగురు ఆ తాడు కిందనుంచి జారిపోయారు. వాళ్ళలో ఫెర్గస్ ఒకడు. తెల్లటి నురగలో వాడి తల, పైకెత్తిన చెయ్యి కనిపించాయి. నేను విసిరిన, నీళ్ళలో తేలే బెండు చక్రం సగం దూరం కూడా వెళ్ళలేదు.

కెప్టెన్ ఉండే పై అంతస్తుకు పరిగెత్తాను. మెట్ల దగ్గర రెండో అధికారి టెనంట్ అడ్డుపడ్డాడు.

"ఓడ ఆపండి సార్! మా బావమరిది... ఈదుతున్నాడు, అదిగో!"

"చూశానయ్యా."

"పడవన్నా దించండి!"

"ఆగామంటే ఆరు వేల మందీ పోతారు. నీకు తెలీదా?"

తెలుసు. ఎవరు పడినా ఓడ ఆగదని ఎక్కేముందే అందరికీ చదివి వినిపిస్తారు.

"వెనక ఏదన్నా ఓడ వస్తోందా సార్?"

"లేదు," అని ఆయన మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం మామూలుగానే గిన్నెలు నింపాను. సాయంత్రం వాడి దుప్పటి మడుస్తుంటే ఎవరో కుర్ర సిపాయి వచ్చి, "ఇక్కడెవరూ లేరా?" అని అడిగాడు. దుప్పటి చంకన పెట్టుకుని పక్కకు జరిగాను. ఆ కుర్రాడు అక్కడే పడుకున్నాడు.

నాలుగు నెలలకు ఇల్లు చేరేసరికి ఫెర్గస్ పోయాడని తంతి వచ్చి ఉంది. ఎల్స్‌పెత్‌కు అంతా చెప్పాను. ఆ చోటు ఇప్పించింది నేనేనని కూడా. ఆమె ఏడవలేదు.

"ఈతొచ్చుగా వాడికి. ఎంతసేపు ఈది ఉంటాడు?" అంది.

తర్వాత ఆ ఇంట్లో మేం మాట్లాడుకున్నది తక్కువ. తొమ్మిదో రోజు మళ్ళీ అదే ఓడ ఎక్కాను. ఆమె రేవుకు రాలేదు.