మొదటి ఆకు

బంగారుపాళ్యంలో మునస్వామి గోల్ఫు సంగతి ఎత్తితే చాలు, జనం నవ్వుతారు. నవ్వరా మరి! ఇరవయ్యారేళ్ళలో పదకొండు పెద్ద ఆటలు ఆడి పదకొండూ ఓడిపోయిన మహానుభావుడాయన. అదీ ఒక్క మనిషి చేతిలోనే, సాక్షాత్తూ వియ్యంకుడు రాజారత్నం చేతిలో.

రాజారత్నం చిత్తూరు మనిషి. కోలారు గనుల్లో ఉద్యోగం చేస్తూ అక్కడే ఈ ఆట నేర్చాడు. కొడుకు గుణశేఖర్‌కు మునస్వామి కూతురు లోకేశ్వరిని చూడవచ్చిన రోజున కారులోంచి పళ్ళబుట్టకంటే ముందు కర్రల సంచి దిగింది. పాత మామిడిచెట్లు కొట్టేసిన మూడెకరాల బీడు చూసి ఆయన కళ్ళు మెరిశాయి. కాబోయే వియ్యంకుడి ముచ్చట కాదనగలమా? మునస్వామి ఏడు గుంతలు తవ్వించి, చుట్టూ ఇసుక పోసి రోలరు తోలించాడు. తక్కువ దెబ్బల్లో బంతిని గుంతలో వేసినవాడు గెలిచినట్టు, అంతే ఆట. నాలుగు నెలలు తెల్లారి లేచి సాధన చేసేసరికి, ఆ పిచ్చి మునస్వామికీ పట్టుకుంది.

వియ్యంకులిద్దరూ ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. రెండిళ్ళలో ఏ శుభకార్యం జరిగినా ఆ పొద్దున ఏడు గుంతలూ ఆడాలి. గెలిచినవాడికి విందులో మొదటి ఆకు వేయాలి. మొదటి ఆట లోకేశ్వరి నిశ్చితార్థం నాడు. ఇద్దరూ సమానంగా వచ్చి ఆఖరి గుంత దగ్గర నిలబడ్డారు. మునస్వామి బంతి గుంతకు రెండడుగుల దూరంలో ఉంది. కళ్ళు మూసుకుని కొట్టినా పడుతుంది. సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఆయన తల్లి సిద్ధమ్మ మెల్లగా అంది: "పిల్లనిచ్చేవాళ్ళం నాయనా. పైచెయ్యి సూపియ్యగాకు."

మునస్వామి మణికట్టు ఇంత వంచాడు. బంతి పక్కకు పోయింది. రాజారత్నం చిన్నపిల్లాడిలా ఎగిరి గంతేశాడు.

అంతే, అదే అలవాటయింది. పెళ్ళికి ఓడాడు, సీమంతానికి ఓడాడు, మనవరాలు జాహ్నవి బారసాలకు, చెవులు కుట్టిననాడు, ఓణీల వేడుకకు, గృహప్రవేశాలకు ఓడుతూనే వచ్చాడు. ఎంత బాగా ఆడినా ఆఖరి గుంత దగ్గర మణికట్టు వంగేది. మొదటి ఆకు ముందు కూర్చుని రాజారత్నం మీసం దువ్వుతుంటే, రెండో ఆకులో మునస్వామికి పాయసం చేదుగా ఉండేది. తల్లి పోయి పదేళ్ళయినా ఆమె మాట మాత్రం పోలేదు.

ఇప్పుడు పన్నెండో ఆట. జాహ్నవి నిశ్చితార్థం. చిత్తూరు ఇంట్లో జాగా చాలదని తాత మునస్వామి తోటలోనే పందిరి వేశారు.

పొద్దున్నే మునస్వామి బంతులు తుడుచుకుంటుంటే జాహ్నవి వచ్చి అరుగుమీద కూర్చుంది. గోల్ఫు కర్ర పట్టడం ఈ తాత దగ్గరే నేర్చిన పిల్ల. ముఖం గంటు పెట్టుకుని ఉంది.

"తాతా, నా సి.ఏ. ఆఖరి పరీక్ష మే నెలలో ఉండాది. వాళ్ళేమో పెండ్లి ఏప్రిల్లోనే అంటాండారు. నాయన నన్నొక మాటైనా అడగకుండా సరేనన్నాడు."

"మీ నాయనకు చెప్పకపోయినావా?"

"చెప్పినా. ఆడపిల్లవాళ్ళం, తగ్గాల అంటాడు. అది యాడ నేర్చినాడో తెలుసా? నిన్ను చూసి! మా మామ ఇరవయ్యారేండ్లు తగ్గినాడు, ఆయన పరువేం పోలేదు అంటాడు."

మునస్వామికి ఎవరో చెంప పగలగొట్టినట్టయింది. "నేనెప్పుడు తగ్గినానే?"

"నాతో ఆడేటప్పుడు పది అడుగుల దూరంనుంచి కూడా బంతి గుంతలో వేస్తావు. చిత్తూరు తాతతో ఆడేటప్పుడు రెండడుగులది పక్కకు పోతాదా? నేనేమన్నా గుడ్డిదాన్నా?"

"సరేలేమ్మా, పెండ్లికొడుకు వాళ్ళతో నేను మాట్లాడతా."

"చిత్తూరు తాత ముందర బంతి కొట్టలేనోడివి, వాళ్ళ ముందర ఏం మాట్లాడతావులే!" అని విసురుగా లేచి వెళ్ళిపోయింది.

ఆ మాట ఆయన గుండెల్లో దిగబడింది. రాజారత్నం దగ్గర తగ్గితే పోయేది ఒక ఆకు. ఇక్కడ పోయేది పిల్ల మూడేళ్ళ కష్టం. ఇవాళ తగ్గేది లేదు, చచ్చినా లేదు అని ఆయన పంచె బిగించాడు.

ఆట మొదలైంది. మామిడి పూత వాసన, బీడు మీద మంచు. మూడు గుంతలయ్యేసరికి మునస్వామి ఒక దెబ్బ ముందున్నాడు. "ఏం బావా, రాత్రి ఏం తిన్నావు?" అని రాజారత్నం ఎకసెక్కమాడాడు. ఆరో గుంతదాకా ఆ దెబ్బ నిలిచింది. అక్కడ, గుంతకు దగ్గర్లో ఉన్న బంతిని కొట్టబోతుంటే, ఆయన వద్దనుకుంటున్నా మణికట్టు దానంతటదే వంగింది! బంతి పక్కకు పోయింది. ఇద్దరూ సమానమయ్యారు. చేతిని తిట్టుకున్నాడు మునస్వామి. ఇన్నేళ్ళు నేర్పిన పాఠం కదా, అదెందుకు మరిచిపోతుంది?

ఆఖరి గుంత దగ్గర రాజారత్నం నాలుగు దెబ్బల్లో ముగించాడు. మునస్వామికి ఇంకొక్కటి మిగిలింది. రెండడుగుల దూరం. పడితే మూడే దెబ్బలు, గెలుపు.

అప్పటికే పెళ్ళికొడుకు వాళ్ళు దిగారు. గుణశేఖర్ వాళ్ళను వెంటబెట్టుకుని ఇసుక అంచుదాకా తీసుకొచ్చాడు. తెల్లచొక్కా వేసుకున్న కొత్త వియ్యంకుడు, పెళ్ళికొడుకు తండ్రి, చేతులు కట్టుకుని చూస్తున్నాడు. జాహ్నవి పట్టుచీరలో పందిరి గుంజ పట్టుకుని నిలబడింది.

మునస్వామి వంగాడు. తల్లి మాట చెవిలో వినిపించింది. 'పైచెయ్యి సూపియ్యగాకు.' ఆయన నిటారుగా నిలబడి ఊపిరి పీల్చుకున్నాడు. "అమ్మా, నీ మాట నీ కాలానికి సరి. ఇంక నన్ను వదిలిపెట్టు తల్లీ" అని లోపలే దండం పెట్టాడు. మళ్ళీ వంగి, మణికట్టును గట్టిగా బిగబట్టి కొట్టాడు. బంతి సూటిగా పోయి గుంతలో పడింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రాజారత్నం ఆ గుంతనే చూస్తూ నిలబడ్డాడు. ఆయన గనుల్లో లెక్కలు కట్టిన మనిషి, పదకొండుసార్లూ ఆఖరి గుంత దగ్గరే పక్కకు పోయిన బంతి లెక్క తేల్చడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు.

"ఆ పదకొండు ఆటలు?" అన్నాడు.

"కావాలనే ఓడినా బావా. పిల్లనిచ్చినోణ్ణి గదా."

"ఛీ! నేను తిన్న మొదటి ఆకులన్నీ బిచ్చమా అయితే? పిల్లనిచ్చినావని నిన్ను ఒక్కనాడైనా తక్కువగా చూసినానా?" రాజారత్నం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నన్నంత అల్పుణ్ణని అనుకున్నావు సూడు, అది నాకు బాధ" అని కర్ర అక్కడే పడేసి పందిట్లోకి నడిచాడు.

మునస్వామి ఆ కర్ర తీసుకుని ఆయన వెంట నడిచాడు. అయినా వెనక్కి తగ్గలేదు. పురోహితుడు లగ్నపత్రిక రాయడానికి కలం తీయగానే లేచి నిలబడ్డాడు. "పెండ్లి శ్రావణంలో పెట్టుకుందాం. మేలో పిల్లకు పరీక్ష ఉండాది" అన్నాడు. గుణశేఖర్ కంగారుగా "మామా, వాళ్ళు ఏప్రిల్ అని..." అన్నాడు. "అడిగింది వాళ్ళు. పరీక్ష రాయాల్సింది నీ కూతురప్పా!" అన్నాడు మునస్వామి.

కొత్త వియ్యంకుడు ఆయనకు బదులు చెప్పకుండా రాజారత్నం వైపు తిరిగాడు. "ఇంటి పెద్ద మీరు. మీరేమంటారు?"

పందిరంతా రాజారత్నాన్నే చూసింది. ఆయన మునస్వామి ముఖం చూడకుండానే, "మా బావ ఈ పొద్దు నిజం ఆడినాడు. ఆయన మాటే మా మాట. శ్రావణమే రాయి పంతులూ!" అన్నాడు.

కొత్త వియ్యంకుడు కొడుకును చూశాడు. పెళ్ళికొడుకు సరేనన్నట్టు తలూపాడు. కలం కదిలింది.

విందులో రాజారత్నమే మొదటి ఆకు తెచ్చి మునస్వామి ముందు పరిచి నీళ్ళు చల్లాడు. "తిను. రేపటినుంచి ఆ పదకొండు ఆటలూ మళ్ళీ ఆడాల. ఒక్కదాంట్లో కావాలని తగ్గినావంటే ఈ గడప తొక్కను" అన్నాడు.

మరునాడు పొద్దున మునస్వామి ఒళ్ళు దాచుకోకుండా, ప్రాణం పెట్టి ఆడాడు. రెండు దెబ్బల తేడాతో ఓడిపోయాడు. ఇది కావాలని ఓడింది కాదు. కర్ర నేలకేసి కొట్టి, "ఇంకొక ఆట ఆడదాం రా బావా, ఇప్పుడే!" అని అరిచాడు. రాజారత్నం ఆ అరుపు విని, మీసం మీద చెయ్యి వేసి, పడీపడీ నవ్వాడు.