రేడియేటర్ కప్పుకున్న బొంత

మా పరుపుల దుకాణానికి రెండు భాగాలు. వెనక రేకుల చావడిలో దూది ఏకే మిషను ఉంటుంది. ముందు గదిలో కుట్టిన పరుపులు కప్పు దాకా పేర్చి ఉంటాయి. ఆ ముందు గది మీద మా కోడలు కన్నేసింది. కార్ల రిపేరు పెళ్ళికి ముందే నేర్చుకున్న పిల్ల. ఇన్నాళ్ళూ ఎవరి షెడ్డులోనో పనిచేసింది. సొంతంగా ఒక షెడ్డు పెట్టుకోవాలని ఆశ. ఆ గదికి కారు దూరేంత తలుపు ఉంది, ఎదురుగా రోడ్డు ఉంది. అడ్డం ఉన్నదల్లా మా మరిది.

మరిది మంచివాడే, నోరే ఊరుకోదు.

"పరుపుల పక్కన గ్రీజు డబ్బాలేంటి వదినా? కొనేవాడు ఒకసారి ఒరిగి చూసుకుంటే చాలు, వీపు నిండా మచ్చలు!"

ఇలా ఉండగా దుకాణం కారుకి జబ్బు చేసింది. మా ఆయన కొన్న కారు. అందరం దాన్ని తాతయ్య అంటాం. నెత్తిన నాలుగు పరుపులు పెట్టుకుని ఎత్తు ఎక్కిందంటే వేడి చూపించే ముల్లు ఎర్ర గీత తాకేది. మరిది ఎక్కడో చూపిస్తే, ఇంజనులో నీళ్ళనీ నూనెనీ కలవనివ్వని హెడ్ గాస్కెట్ పోయింది, ఇంజను మొత్తం విప్పాలి అన్నారట. విప్పించేకంటే వదిలించుకోవడం నయమని, పాత ఇనుము కొనే ఆయన్ని సాయంత్రం రమ్మన్నాడు.

ఆ మాట వినగానే కోడలు చేతిలో పళ్ళెం కింద పెట్టేసి వచ్చింది.

"గాస్కెట్ పోయిందని చూడకుండా ఎలా చెప్తారు మామయ్యా? నన్ను చూడనివ్వండి."

"చూడు తల్లీ, కళ్ళారా చూడు. ఇనప సామానాయన వచ్చేలోపు జబ్బు పట్టుకున్నావా, ముందు గది నీది. పట్టుకోలేదా, మళ్ళీ షెడ్డు ఊసు ఎత్తకూడదు."

"మాట మీద నిలబడతావా?" అన్నాను నేను.

"ఎప్పుడు తప్పాను వదినా?"

"నిన్ననే. మిషనుకి నూనె పెడతానన్నావు."

"అదీ ఒక తప్పేనా!"

ఆ పిల్ల అప్పటికే బానెట్ ఎత్తింది. ఇంజను చల్లగా ఉంది కాబట్టి రేడియేటర్ మూత తీసి చూసింది. కూలెంట్ నీళ్ళు నిండుగానే ఉన్నాయి. కింద ఎక్కడా చుక్క కారలేదు. ఇంజను నూనె పుల్లకి అంటించి చూసింది, పాలు విరిగినట్టు తెల్లగా ఏమీ లేదు. కారు స్టార్ట్ చేసి, ఆ నీళ్ళలో బుడగలు వస్తాయేమోనని వంగి చూస్తూ నిలబడింది. రాలేదు.

"గాస్కెట్ బంగారంలా ఉంది మామయ్యా."

"మరి రోగం ఎవరికి, నాకా?"

"ఇంజను వేడిని నీళ్ళు మోసుకొచ్చి రేడియేటర్‌లో దించుతాయి. గాలి వచ్చి దాన్ని ఎత్తుకుపోతుంది. ఈ మోసేవాళ్ళలో ఎవరో పని ఎగ్గొడుతున్నారు."

"మీ ఆయనే అయ్యుంటాడు, కనుక్కో."

ఆ పిల్ల నవ్వింది గానీ చేతులు ఆపలేదు. మూత బిగించి, ఇంజను వేడెక్కాక పై గొట్టం, కింద గొట్టం తాకి చూసింది. రెండూ కాలుతున్నాయి. అంటే నీళ్ళు తిరుగుతున్నట్టే. ఫ్యాను కూడా గిర్రున తిరుగుతోంది. అన్నీ బాగున్నాయి, ముల్లు మాత్రం మెల్లగా పైకి పాకుతోంది. పొద్దు వాలుతోంది. కోడలి ముఖంలో నవ్వు పోయింది. నేను ఏమీ పట్టనట్టు సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చున్నాను.

"అత్తయ్యా, పల్చటి గుడ్డ ముక్క ఒకటి ఇవ్వండి."

ఇచ్చాను. దాన్ని తీసుకెళ్ళి కారు ముందు జాలీకి ఆనించి వదిలింది. గుడ్డ జారి నేల మీద పడింది. మళ్ళీ ఆనించింది, మళ్ళీ పడింది. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది.

"గుడ్డ పడితే అంత సంబరమా?" అన్నాడు మరిది.

"ఫ్యాను అంత జోరుగా లాగుతుంటే గుడ్డ జాలీకి అతుక్కోవాలి మామయ్యా. గాలి లోపలికి పోవట్లేదు!"

"మొన్ననేగా కడిగాను, తళతళలాడుతోంది!"

"మీరు కడిగింది ఏసీ జాలీని. రేడియేటర్ దాని వెనక దాక్కుని ఉంది."

ఇంజను ఆపి, చల్లారనిచ్చి, పై బోల్టులు విప్పి, రేడియేటర్‌ని కొంచెం వెనక్కి వాల్చింది. ఆ సందులోకి టార్చి వేసి నన్ను పిలిచింది.

"మీ వేళ్ళు సన్నం అత్తయ్యా, పెట్టి చూడండి."

పెట్టాను. మెత్తగా తగిలింది. ఇన్నేళ్ళు పట్టుకున్న సరుకు, చూడకుండానే తెలిసిపోయింది. అంచు పట్టుకుని మెల్లగా లాగితే చెక్కుచెదరకుండా ఒక్క ముక్కగా వచ్చింది, రేడియేటర్ అంత వెడల్పున, బొంతలా. నల్లగా మసి పట్టిన ఏకిన దూది. చింపి చూస్తే మధ్యలో ఒక నీలం పొర కూడా ఉంది, హాస్టలు వాళ్ళ పాత నీలం దుప్పట్లు చింపి ఏకినప్పటిది.

"మన దూది కారులోకి ఎలా పోయింది వదినా?" అన్నాడు మరిది అమాయకంగా.

కోడలూ నేనూ ఒకేసారి ఆయన వైపు తిరిగాం. రోజూ భోజనం కాగానే కారుని నీడ కోసం చావడిలో మిషను ముందు పెట్టి, గోల వినపడకుండా అద్దాలు మూసి, ఇంజను ఆన్‌లో ఉంచి ఏసీ వేసుకుని కునుకు తీసేది ఎవరు? మిషను దూది ఎగరేస్తుంటే, ఏసీ జాలీ పక్క సందుల్లోంచి ఫ్యాను దాన్ని లాగి రేడియేటర్‌కి అద్దుతూ వచ్చింది.

"నువ్వు పడుకున్నప్పుడల్లా తాతయ్య బొంత కుట్టుకున్నాడయ్యా," అన్నాను.

కోడలు బానెట్ పట్టుకుని నవ్వుతోంది, కళ్ళల్లో నీళ్ళు. మరిది వంగి ఆ బొంతని ఎత్తి చూసుకున్నాడు. తర్వాత ఆయనే అందరికంటే గట్టిగా నవ్వాడు.

"కుట్టు మాత్రం బాగా కుదిరింది వదినా, నీకంటే నయం!"

రేడియేటర్ బిగించేసరికి పాత ఇనుము ఆయన చిన్న లారీలో దిగాడు. వెంటనే మరిది కారు నెత్తిన నాలుగు పరుపులు కట్టి, ఆయన్ని కూడా కారెక్కించి, ఏసీ వేసి, వీధి చివరి ఎత్తు ఎక్కించాడు. కోడలు వెనక సీట్లోంచి ముల్లునే చూస్తోంది. అది సగం దాకా వచ్చి అక్కడే బుద్ధిగా కూర్చుంది. ఎత్తు మీద మరిది హారన్ మోగించాడు, ఎదురుగా ఎవరూ లేకపోయినా.

తిరిగి వచ్చాక పాత ఇనుము ఆయన తల గోక్కున్నాడు.

"మీరు అమ్మరన్నమాట. సరే గానీ అమ్మా, మా లారీ కూడా దారంతా నీళ్ళు తాగుతోంది. ఒకసారి చూస్తావా?" అంటూ లారీ రేడియేటర్ మూత మీద చెయ్యి వేశాడు.

"చూస్తానండీ. ముందు మూత మీద చెయ్యి తీయండి, వేడి మీద తీస్తే మొహం కాలుతుంది. ఎక్కడ పెట్టమంటారు మామయ్యా?"

మరిది నేరుగా ముందు గదిలోకి వెళ్ళి పై పరుపు భుజానికెత్తుకున్నాడు.

"నిలబడి చూస్తారేంటి? పట్టండి! లారీ లోపలికి రావాలా వద్దా?"

పరుపులన్నీ చావడిలోకి చేరాక చివరిదాన్ని నేల మీద పరిచి, వెల్లకిలా పడుకున్నాడు.

"రేపట్నుంచి నా కునుకు ఇక్కడే," అన్నాడు. "ఏసీ మాత్రం ఎవరూ అడగకండి."